ఎదుటి పక్షం వకాల్తా

శ్రావణ శుద్ధ పాడ్యమి, సోమవారం

మా గట్టుపాలెం బార్ అసోసియేషన్‌లో మార్పుల కార్యదర్శి అనే పదవి ఒకటుంది. దానికి ఎవరూ పోటీ చెయ్యరు. సర్వసభ్య సమావేశానికి ఆలస్యంగా వచ్చినవాళ్ల నెత్తిన పడుతుంది. ఈ ఏడు పడవ తప్పిపోయి నేను ఆలస్యంగా వెళ్లాను.

పని చిన్నదే. రాజధానిలో ఉన్న యంత్రం రాత్రికి రాత్రి రాష్ట్ర చట్టాలను ఎక్కడెక్కడ సవరించిందో పొద్దున తొమ్మిదింటికి మా గోడ మీద వెలుగుతుంది. కార్యదర్శి కుర్చీ ఎక్కి దాన్ని పైకి చదవాలి. మిగతావాళ్లు వినాలి. దానివల్ల కోర్టులో ఏం జరిగిందో ఈ దినచర్యలో రాయాలి. చదవడం సక్రమంగానే జరుగుతోంది, వినడమే లేదు. మా లాయర్లకు ఆ వేళప్పుడు క్యాంటీన్ పునుగుల మీద ఉన్న శ్రద్ధ చట్టం మీద ఉండదు.

వినే మనిషి ఒక్కరే, సీనియర్ తాళ్లూరి భీమేశ్వరరావు గారు. చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చుని, నేను మొదలుపెట్టగానే "గట్టిగా చదవవమ్మా ఇంద్రాణీ, వెనక వాళ్లకి వినబడటం లేదు!" అని అరుస్తారు. ఆ అరుపు పడవల రేవు దాకా వినబడుతుంది. నా కేసుల్లో సగానికి ఎదుటి లాయరు ఆయనే. కోర్టులో నన్ను చీల్చి చెండాడి, మధ్యాహ్నం నా క్యారేజీలో వంకాయ కూరకు ఉప్పెక్కువైందని తిట్టి, మొత్తం ఆయనే తినేస్తారు.

సెలవుల తర్వాత ఇవాళే కోర్టు తెరిచారు, ఆయన రాలేదు. వెనక నుంచి అరిచేవాళ్లు లేకపోయేసరికి నేనూ గబగబా చదివేశాను. పైగా చదువుతూనే నా ప్లేటులో పునుగులు తీసిన కోశాధికారితో కళ్లతో తగాదా పెట్టుకున్నాను. నోరు చట్టం దగ్గర, మనసు పునుగుల దగ్గర.

పదిన్నరకు కోర్టులో పిలుపు మొదలైంది. ఒకప్పుడు బెంచి క్లర్కు కేసులు పిలిచేవాడట. ఇప్పుడు పిలుపుల పెట్టె పిలుస్తుంది, గొంతును బట్టి లాయర్ని గుర్తుపట్టి రాసుకుంటుంది. మధ్యలో "దావీదు వర్సెస్ కాసులమ్మ. వాది తరఫు?" అంది. వాది లాయరు భీమేశ్వరరావు గారు. మాట లేదు. "వాది తరఫు?" రెండోసారి. మూడోసారికి పలకకపోతే దావా కొట్టేస్తుంది. నేను ప్రతివాది కాసులమ్మ లాయర్ని. నోరు మూసుకుని కూర్చుంటే పదకొండేళ్ల కేసు గెలిచేదాన్ని.

కానీ మా కోర్టులో ఒక పద్ధతి ఉంది. లాయరు రాకపోతే దగ్గరున్నవాళ్లు లేచి, "రిప్రజెంటేషన్, కొంచెం టైమిప్పించండి" అని ఆయన తరఫున అడుగుతారు. ఎదుటి లాయరైనా సరే. అసలు ముందు లేవాల్సింది ఎదుటి లాయరే. నాకు పాప పుట్టినప్పుడు మూడు నెలల పాటు నా ఫైళ్లన్నిటికీ భీమేశ్వరరావు గారే లేచి అడిగారు, ఆయన మీదే నేను నడుపుతున్న ఫైళ్లతో సహా. అందుకే లేచాను. ఆలోచించలేదు. ఆవలింత వస్తే చెయ్యి నోటి దగ్గరికి పోయినట్టు లేచాను.

"వాది తరఫున రిప్రజెంటేషన్. కొంచెం టైమిప్పించండి."

"ప్రతివాది తరఫు?"

"హాజరు" అన్నాను.

పెట్టె ఒక క్షణం ఆగింది. "నమోదైంది. వాది న్యాయవాది ముదునూరి ఇంద్రాణి. ప్రతివాది న్యాయవాది ముదునూరి ఇంద్రాణి. ఇరుపక్షాలకు న్యాయవాది ఒక్కరే కనుక రాజీగా భావించడమైనది. రాజీపత్రానికి గడువు పౌర్ణమి నాటి సముద్రపు పోటు."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. జడ్జి షహనాజ్ గారు నవ్వలేదు.

"ఇంద్రాణి గారూ, వకాల్తా కాగితం రద్దయింది. ఇవాల్టి నుంచి పిలుపులో ఎవరు పలికితే వాళ్లే లాయరు. పొద్దున చదివింది మీరే కదా?"

"చదివానండి" అన్నాను. "వినలేదు."

తదియ, బుధవారం

ఆ సవరణను ఇప్పటికి పదిసార్లు చదివాను. బయటపడే దారి ఒకటే ఉంది. పాత న్యాయవాది పిలుపు సమయంలో స్వయంగా హాజరైతే అతని పక్షం అతనికి తిరిగి వస్తుంది. ఇంకెవరు వచ్చినా కుదరదు. రాజీ అయినా కుదరాలి, భీమేశ్వరరావు గారైనా రావాలి. రెండూ కాకపోతే మునిగిన భూముల చట్టం ప్రకారం ఇద్దరి హక్కులూ పోయి ఆ నీళ్లు ప్రభుత్వం పరమవుతాయి.

ఆ నీళ్ల మీద కాసులమ్మ ఇల్లు తేలుతోంది.

ఆవిడకు డెబ్బై దగ్గర పడింది. సముద్రం లోపలికొచ్చి పాత ఊరు మునిగినప్పుడు అందరూ గట్టెక్కితే, ఈవిడ మాత్రం డ్రమ్ముల మీద చెక్క ఇల్లు కట్టించుకుని ఊరి మీదే తేలుతూ ఉండిపోయింది. ఆ ఇంటి లంగరు తన పీతల బోనులకు అడ్డమని, దాన్ని తీసేయించమని దావీదు దావా వేశాడు. మునగకముందు ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. ఈ పదకొండేళ్లలో చట్టం ఎన్ని వందలసార్లు మారిందో కానీ వీళ్ల పంతం మాత్రం మారలేదు.

విషయం చెప్పేసరికి కాసులమ్మ నా ఆఫీసు గడపలోనే కూలబడింది.

"నోరు మూసుక్కూచుంటే గెలిచేవోళ్లం కదా, ప్లీడరమ్మా!"

"అవునమ్మా."

"ఆడి తరపున నువ్వెందుకు లేచావు?"

"అలవాటమ్మా."

"ఇదేం మాయదారి అలవాటు? ఇప్పుడు ఆడి ప్లీడరూ నువ్వే, నా ప్లీడరూ నువ్వే. మరి నా తరపున ఆణ్ని తిట్టేదెవరు?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "నాకు వేరే కొంపంటూ లేదు. అది గుర్తెట్టుకో" అని పడవెక్కి వెళ్లిపోయింది. రోజంతా నా మీద నాకే చెడ్డ కోపం వచ్చింది. కొంత కోపం భీమేశ్వరరావు గారి మీద కూడా. మూడు రోజులుగా కబురు పెడుతున్నా పలకడం లేదు.

పంచమి, శుక్రవారం

కోర్టు అయ్యాక పోట్లాడదామనే భీమేశ్వరరావు గారింటికి వెళ్లాను. ఏమేం అనాలో పడవలో వరసగా కూర్చుకున్నాను కూడా.

తలుపు అలివేలు గారు తీశారు. ఆయన భార్య. నన్ను చూసి, "నువ్వైనా వచ్చావు" అన్నారు. లోపల ఆయన మెడకు తెల్ల గుడ్డ చుట్టుకుని కూర్చున్నారు. ఒళ్లో పలక, చేతిలో బలపం. గోడలు కూడా మాట్లాడే ఈ కాలంలో ఆ పలకను ఎక్కణ్నుంచి తెప్పించారో.

గొంతులో గడ్డ అట. సెలవుల్లో ఎవరికీ చెప్పకుండా తీయించుకున్నారు. గడ్డతో పాటు గొంతు కూడా పోయింది. ఇక రాదని డాక్టర్లు తేల్చేశారు.

నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. ఏడ్చేశాను. ఆయన విసుగ్గా పలక మీద రాసి చూపించారు. "ఏడుపు ఆపు. క్యారేజీ తెచ్చావా?"

తేలేదు. మొహం మాడ్చుకున్నారు.

యంత్రం గొంతు పెట్టించుకోవచ్చు కదా అన్నాను. కోర్టులో అది చెల్లదని నాకూ తెలుసు, కనీసం ఇంట్లోనైనా అని. "పెట్టించుకున్నా. ఆ డబ్బా గొంతుతో అలివేలును పిలిస్తే పిల్లి పారిపోయింది" అని రాశారు.

కేసు సంగతి చెప్పాను. ఆయన భుజాలు కదిలాయి. గొంతు లేకుండా నవ్వితే అలా ఉంటుందని అర్థమయ్యేసరికి నాకూ నవ్వొచ్చింది. "ఒక్కసారి వచ్చి మీ పక్షం మీరు తీసుకోండి సార్" అన్నాను. నవ్వు ఆగిపోయింది. పలక మీద రాశారు. "గట్టు మీద అందరికీ నా గొంతే నేను. అది లేకుండా ఆ హాల్లో నిలబడలేను. అడగకు."

అడగలేదు. వచ్చేస్తుంటే పలక మీద టకటకా కొట్టి వెనక్కి పిలిచారు. "దావీదును పదకొండేళ్లు క్రాస్ ఎగ్జామిన్ చేశావు. క్రాస్‌లో అడగకూడనిది ఇప్పుడు అడుగు. ఇప్పుడు వాడు నీ కక్షిదారు."

సప్తమి, ఆదివారం

క్రాస్‌లో అడగకూడని ప్రశ్న ఒకటే. మొదటి ఏడాది జూనియర్‌కు కూడా తెలుసు. ఎదుటి సాక్షిని "అవునా, కాదా" అని అడగాలి కానీ "ఎందుకు" అని అడగకూడదు. అడిగితే ఏం చెబుతాడో మన చేతిలో ఉండదు.

దావీదు పడవ మీదికి వెళ్లాను. నన్ను చూడగానే లేచి చేతులు కట్టుకున్నాడు, బోనులో నిలబడ్డట్టే. యాభై దాటాయి, జుట్టంతా ఉప్పుకు తెల్లబడింది.

"కూచో దావీదూ. నేనిప్పుడు నీ లాయర్ని."

"తెలుసండి. గట్టంతా నవ్వుకుంటన్నారండి" అని టీ పోసి ఇచ్చాడు. పీతల వాసన వేస్తున్నా మంచి టీ.

"ఆ లంగరు అక్కడి నుంచి తియ్యాలని ఎందుకంత పట్టుదల? సముద్రమంతా ఉంది కదా నీ బోనులకు?"

అతను టీ గిన్నె కింద పెట్టాడు. "పదకొండేళ్లు బోనెక్కించి అవునా కాదా అన్నారండి మీరు. ఎందుకూ అని ఒక్కనాడూ అడగలేదు."

తర్వాత చెప్పాడు. లంగరు పడిన చోట వాళ్ల నాన్న సమాధి ఉంది. పాత ప్రార్థన మందిరం వెనక సిమెంటు చేసిన గట్టి నేల అది. పోటు వచ్చినప్పుడల్లా ఇల్లు కదిలి, గొలుసు ఆ సమాధి మీద రాసుకుంటుంది. బోనులు చూడ్డానికి మునిగిన ప్రతిసారీ ఆ చప్పుడు వినబడుతుందట.

"మరి దావాలో పీతలని ఎందుకు రాశారు?"

"మా ప్లీడరు పెద్దాయన ముందే చెప్పేశారండి. నీళ్ల మీద సంపాదన చూపించినోడికే చట్టం హక్కిస్తది, సమాధి అంటే పెట్టె రాసుకోదు, పీతలంటే రాసుకుంటది అన్నారు. నిజం చెప్పాలంటే దావాకి ముందు నాకు పీతలే లేవండి. కేసు నిలబడాలని పెంచా. ఇప్పుడు బానే సాగుతున్నాయి" అని సిగ్గుపడ్డాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే బాధేసింది. ఈ మనిషిని నేను పదకొండేళ్లు పీతల లెక్కలు అడిగాను.

"కాసులమ్మకు చెబితే తీసేసేదేమో?"

"ఆవిడకి తెలీదా అండి? పక్కిల్లు. మా నాన్నని పెట్టిన రోజున అన్నం వండి పంపింది. తెలిసే వేయించిందనుకున్నానండి. అయినా మీరు చెప్పొద్దు. జాలి పడి తీస్తే నాకొద్దు."

ఒక కక్షిదారు చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదు. అది చట్టం. నేను చెప్పే చట్టాన్ని నేనైనా వినాలి కదా.

దశమి, బుధవారం

రాజీ చర్చకు ఇద్దర్నీ ఆఫీసుకు పిలిచాను. దావీదు తలుపు పక్కన నిలబడ్డాడు. కాసులమ్మ అతనికి వీపు పెట్టి కూర్చుంది. గంటసేపు ఇద్దరూ నాతోనే మాట్లాడారు. "అతనికి చెప్పు", "ఆవిడకి చెప్పండి". గదిలో ముగ్గురం ఉంటే నేనొక్కదాన్నే తపాలా మనిషినయ్యాను.

నోట్లో ఒక మాట పెట్టుకుని మింగకుండా, ఉమ్మకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. చివరికి ఆ అడగకూడని ప్రశ్నే కాసులమ్మను కూడా అడిగాను.

"లంగరు అక్కడే ఎందుకు వేయించావమ్మా?"

"గట్టి నేలని. తక్కిందంతా బురద. తుపానొస్తే లంగరు జారిపోద్ది. గట్టిగా తగిలిన చోట వెయ్యమని పడవోళ్లకి చెప్పా, ఆళ్లు అక్కడేశారు. నీళ్లలో ఏది ఎక్కడుందో నాకేం తెలుసు?"

"నీ పాత ఇంటి శ్లాబు ఉంది కదా కింద? అదీ గట్టిదే. దాని మీద వేయించకపోయావా?"

ఆవిడ నన్ను కొట్టేలా చూసింది. "మా ఆయన తన చేతుల్తో కట్టిన ఇల్లమ్మా అది. ఇసక నేను మోశా. దాని మీద ఇనప కొక్కెం ఎయ్యమంటావా? రోజూ గొలుసు ఈడ్చుకుంటా ఉంటే పైన నాకు నిద్ర పట్టుద్దా?"

తలుపు దగ్గర దావీదు కదిలాడు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే నా మొహంలో చదివేస్తారని భయం.

"నాకూ పట్టట్లేదు పిన్నీ" అన్నాడు.

పదకొండేళ్లుగా కోర్టులో ఆవిడ "ప్రతివాది". పడవల మీద "ఆ ముసల్ది". పిన్నీ అన్న మాట వినగానే కాసులమ్మ వెనక్కి తిరిగింది. అతను చెప్పేశాడు. సమాధి, గొలుసు, చప్పుడు, అన్నీ. ఆవిడ వింటూ వింటూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ నాన్న మీదా? ఇన్నేళ్లూ మీ నాన్న మీదే ఉన్నానా నేను?" అని, అంతలోనే లేచి అతని భుజం మీద రెండు దెబ్బలు వేసింది. "మరి చెప్పి ఏడవ్వేంరా! పీతలు, పీతలు అని కోర్టుకీడ్చావు. ఒక్క మాట చెబితే ఆ పూటే తీయించేదాన్ని కదరా సన్నాసీ!"

"నీకు తెలుసనుకున్నా పిన్నీ."

"తెలిసి వేయిస్తానా? నేనంత పాపిష్టిదాన్నా?"

ఇద్దరూ ఏడ్చారు. ఇద్దరికీ లాయర్ని కాబట్టి ఇద్దరి వంతూ నేను ఏడ్చాను. లంగరు తన ఇంటి మీదకే మారుస్తానని కాసులమ్మ తనంతట తనే అంది. కొక్కెం వద్దు పిన్నీ, నేను మునిగి గొలుసును నీ పాత ఇంటి స్తంభానికి మెత్తగా చుట్టి కడతానని దావీదు అన్నాడు.

త్రయోదశి, శనివారం

దావీదు ఇవాళ నీళ్లలోకి దిగాడు. పాత పడవ తాళ్లు, గోనెపట్టాలు చుట్టి దాని మీద గొలుసు కట్టాడు. స్తంభానికి గీత కూడా పడదు. కాసులమ్మ పైనుంచి "వంటింటి వైపు స్తంభం వద్దురా, వీధి వైపుది" అని కేకలేస్తూనే ఉంది. అతను పైకి వచ్చి, "వీధి గుమ్మానికి నువ్వు పూసిన పసుపు రంగు ఇంకా ఉంది పిన్నీ" అన్నాడు. ఆవిడ ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

రాజీపత్రం నోటితో చెప్పి రాయించాను. అర పేజీ. పదకొండేళ్ల ఫైలు నా బీరువాలో రెండు అరలు నిండా ఉంది.

పౌర్ణమి, సోమవారం

ఇవాళ కుర్చీ ఎక్కి చదువుతూ మూడో సవరణ మధ్యలో ఆగిపోయాను. ఈసారి నేను వింటున్నాను కదా.

"ఇరుపక్షాల తరఫున ఒకే న్యాయవాది దాఖలు చేసిన రాజీపత్రం చెల్లదు."

ఈ పక్షం మొదట్లో నన్ను రెండు పక్షాలకూ లాయర్ని చేసింది ఈ యంత్రమే. ఇప్పుడు అలా చేయడం తప్పని అంటోంది. పునుగులు నములుతున్న నోళ్లు ఆగిపోయాయి. గడువు ఈ రోజు పోటు. పోటు సైరన్ మోగితే కోర్టు మెట్లు మునుగుతాయి, తలుపులు మూస్తారు. రాజీ చెల్లకపోతే, కలిసిపోయిన ఆ ఇద్దరి నీళ్లూ సాయంత్రానికి ప్రభుత్వానివి.

పిలుపులో పాస్ ఓవర్, అంటే కాసేపాగి మళ్లీ పిలవమని అడిగాను. పెట్టె మధ్యాహ్నానికి పెట్టింది. రేవులో దావీదు పడవ సిద్ధంగా ఉంది. నేరుగా భీమేశ్వరరావు గారింటికి వెళ్లాం.

సవరణ విని ఆయన పలక తుడిచారు. రాయకుండా మళ్లీ తుడిచారు.

"మీరు మాట్లాడక్కర్లేదు సార్. నిలబడండి చాలు. మిగతాది నేను వాదిస్తాను" అన్నాను.

"నా మీద వాదించడం నీకు అలవాటే. నా కోసం వాదించగలవా?" అని రాశారు.

"క్యారేజీ తెచ్చాను. వంకాయ కూర. వస్తేనే పెడతాను."

అలివేలు గారు అప్పటికే నల్ల కోటు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన ఆవిడ వైపు, నా వైపు కోపంగా చూసి, చేతులు చాపారు.

హాల్లోకి ఆయన రాగానే బార్ మొత్తం లేచి నిలబడింది. మెడకు చుట్టిన గుడ్డ, చంకలో పలక చూసి ఎవరూ ఏమీ అడగలేదు. మా వాళ్లకు నోరెక్కువే కానీ ఎప్పుడు మూసుకోవాలో కూడా తెలుసు. అందుకే వీళ్లంటే నాకు ఇష్టం.

"దావీదు వర్సెస్ కాసులమ్మ. వాది తరఫు?"

భీమేశ్వరరావు గారు లేచారు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నారు.

"వాది తరఫు?" రెండోసారి.

"అమ్మా" అని నేను జడ్జి గారి వైపు తిరిగాను. "ప్రతివాది తరఫున మనవి చేస్తున్నాను. వాది న్యాయవాది కోర్టులో ఉన్నారు. సవరణలో పాత న్యాయవాది స్వయంగా హాజరు కావాలని ఉంది. గొంతు అన్న మాట అందులో ఎక్కడా లేదు. గొంతు వినడం ఈ పెట్టె పద్ధతి. పెట్టె పద్ధతి చట్టం కాదు. మనిషి వచ్చాడా లేదా చూడాల్సింది మీరు."

షహనాజ్ గారు భీమేశ్వరరావు గారిని చూశారు. ఈ హాల్లో ఆవిడ జూనియర్‌గా మొదటి కేసు ఓడిపోయింది ఆయన చేతిలోనే. బయట నీళ్లు మెట్లకు తగులుతున్న చప్పుడు వినబడింది.

"పెట్టె వినలేదు" అన్నారావిడ. "కోర్టు చూసింది. ధర్మాసనం తన చేత్తో రాసిన ఉత్తర్వు పెట్టె నమోదుకన్నా పై మాట. ఆ నిబంధనను ఇంకా ఎవరూ సవరించలేదు. కలం ఇవ్వండి."

కలం లేదు. హాలు మొత్తం వెతుకులాడింది. ఇంతమంది లాయర్లం, ఒక్కరి జేబులోనూ కలం లేదు. రాయడం మానేసి ఎన్నేళ్లయిందో. పోటు సైరన్ మొదటి కూత మోగింది. మూడో కూతకు తలుపులు మూసేస్తారు.

అప్పుడు భీమేశ్వరరావు గారు నడిచి వెళ్లి, పలకను, బలపాన్ని బల్ల మీద పెట్టారు.

జడ్జి గారు బలపంతో రాశారు. "వాది న్యాయవాది తాళ్లూరి భీమేశ్వరరావు హాజరు. కోర్టు చూసినది. ఇరువురు న్యాయవాదుల రాజీపత్రం స్వీకరించడమైనది." కింద సంతకం చేసి, పలకను, కాగితాలు చదివే పెట్టె కంటికి ఎదురుగా పట్టుకున్నారు. పెట్టె రెండో కూత వరకు ఆలోచించింది.

"నమోదైంది."

కాసులమ్మ వెనక నుంచి "బతికించావు నాయనా" అంది. పెట్టెను అందో, భీమేశ్వరరావు గారిని అందో, దావీదును అందో తెలియలేదు. మోకాలి లోతు నీళ్లలో మెట్లు దిగుతుంటే దావీదు ఆవిడను చెయ్యి పట్టుకుని పడవలోకి ఎక్కించాడు. భీమేశ్వరరావు గారు మాత్రం తన పలక అడగాలని వెనక్కి తిరిగారు. ఇవ్వడం కుదరదన్నారు కోర్టు వాళ్లు. అది కోర్టు రికార్డు అయిపోయింది. ఫైలు వెంట రికార్డు గదికి పోయింది.

బహుళ పాడ్యమి, మంగళవారం

తొమ్మిదింటికి గోడ వెలిగింది. మొదటి సవరణ చూసి కుర్చీ మీద నిలబడ్డ నేను ఒకసారి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. నలభై మందీ పునుగుల ప్లేట్లు పక్కన పెట్టి కూర్చున్నారు. ఇలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు.

"న్యాయవాది హాజరును ధర్మాసనం కంటితో చూసినా చెల్లును" అని చదివాను. "ఒక న్యాయవాది రాలేనప్పుడు మరొకరు అతని తరఫున గడువు కోరినచో, అది వకాల్తా కానేరదు. ఆధారం, దావీదు వర్సెస్ కాసులమ్మ."

కింద ఇంకా ఉంది, కానీ అక్షరాలు అలుక్కుపోయాయి. మాట సన్నగా, నాకే వినబడనంత సన్నగా వస్తోంది.

చివరి బెంచీ నుంచి టకటకమని చప్పుడైంది. కిటికీ పక్కన భీమేశ్వరరావు గారు ఉన్నారు. ఒళ్లో కొత్త పలక. దాని చెక్క అంచుకు ఇంకా దుకాణం చీటీ అంటుకుని ఉంది. పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, రెండు చేతులతో తల పైకి ఎత్తి పట్టుకున్నారు.

"గట్టిగా చదవవమ్మా ఇంద్రాణీ. వెనక వాళ్లకి వినబడటం లేదు."

గొంతు సవరించుకుని, రేవు దాకా వినబడేలా, మళ్లీ మొదటి నుంచి చదివాను.